చాలా నయం, డాక్టర్ గారూ

ఇంతవరకు ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. జబ్బు పడిన మొదటి సంవత్సరం నేను చాలా సంతోషంగా ఉన్నాను.

ఇంట్లోవాళ్లు నా గురించి దిగులుపడుతూనే ఉన్నారు. ముఖం ఉబ్బింది, జుట్టు రాలుతోంది, కాళ్లీడ్చుకుంటూ నడుస్తోంది అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాళ్లు. నేను మాత్రం వంటింటి వెనక వసారాలో దుప్పటి కప్పుకుని, గోడకు చేరగిలబడి పుస్తకం చదువుకునేదాన్ని. పెళ్లికి రమ్మనేవాళ్లు లేరు. పేరంటానికి పొమ్మనేవాళ్లు లేరు. "దానికి ఒంట్లో బాగలేదు, వదిలెయ్యండి" అన్న మాట వినబడితే చాలు, నాకు పండగే. నలుగురి ఎదుట నోరు తెరవాలంటే నాలుక పిడచగట్టుకుపోయే పిల్లకి అంతకంటే ఏం కావాలి?

మాది సూళ్లూరుపేట. నాయనకి బజారులో వలల దారం కొట్టు ఉండేది. నూలుదారం ఉండలు, వలకు కట్టే బెండ్లు, సీసపు గుళ్లు, అప్పుడప్పుడే కొత్తగా వస్తున్న నైలాన్ దారం అమ్మేవాడు. పులికాట్ పక్క పల్లెల నుంచి చేపలు పట్టేవాళ్లు వచ్చి, ఆ నైలాన్ దారాన్ని పళ్లతో కొరికి చూసి, "ఇది తెగేది కాదన్నా. ఇంక చిరుగులు కుట్టుకునే పనుండదు, మేం ఇంట్లో కూర్చుని పెళ్లాలతో పోట్లాడుకోవాల్సిందే" అని నవ్వేవాళ్లు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నన్ను పెంచింది నాయన వాళ్లమ్మ, మా అవ్వ. అవ్వకి చదువు రాదు. నేను చదివేవన్నీ పురాణాలనుకునేది. పక్కింటి టీచరమ్మ తన పుస్తకాలతో పాటు నాకూ అద్దెకు తెచ్చిపెట్టే నవలలవి. వాటిలో హత్యలూ దొంగతనాలూ తప్ప పురాణం ఎక్కడా లేదు. నేను దిద్దలేదు.

నా జబ్బు పేరు కనిపెట్టింది మా ఊరి డాక్టరుగారే. తల నెరిసిన మనిషి. బజారు చివర ఆయన వైద్యశాల. నన్ను కుర్చీమీద మోకాళ్లపై నిలబెట్టి, మడమ పైన నరం మీద చిన్న రబ్బరు సుత్తితో కొట్టి చూశారు. పాదం ఎగిరింది. ఎగిరింది గానీ, వెనక్కి రావడానికి బద్ధకించినట్టు నెమ్మదిగా దిగింది. ఆయన దాన్నే రెండుసార్లు చూసి తలాడించారు.

"మెడలో థైరాయిడ్ అని ఒక గ్రంథి ఉంటుందమ్మా. ఒంట్లో పొయ్యి మండేది దానివల్లే. మీ పిల్లకి మంట సరిగ్గా లేదు. సముద్రం పక్కన పుట్టి, అయోడిన్ ఉండే చేపలు పూటపూటా తింటా కూడా ఈ జబ్బు తెచ్చుకుందంటే, గొప్ప పిల్లే!" అన్నారు అవ్వతో. మేక, గొర్రె లాంటి జంతువుల గ్రంథిని ఎండబెట్టి చేసే మాత్రలున్నాయనీ, ముందు అరమాత్రతో మొదలుపెట్టి, ఎట్లా ఉందో చూసుకుంటూ పెంచుకుంటూ పోవాలనీ చెప్పారు. "ఎట్టుండేదీ నాకు చెప్పాల. అది చెప్తేనే పెంచగలను" అని మరీ మరీ అన్నారు.

అక్కడే వచ్చింది చిక్కు. మా ఇంట్లో ఒక మర్యాద ఉంది. మా ఇంట్లోనే కాదు, మా వీధి అంతా అంతే. వైద్యుడి ఎదుట కూర్చుని "మీ మందు పనిచెయ్యలేదు" అనడమంటే, విందుకు పిలిచిన ఇంట్లో పులుసు బాగలేదని చెప్పినట్టే. అట్లా అంటే ఆయన హస్తవాసికి దెబ్బ తగులుతుందని అవ్వ నమ్మకం. హస్తవాసి చెడితే ఊరందరికీ నష్టం. ఇంకో పద్ధతి, పిల్లని చూపించడానికి తీసుకెళితే మాట్లాడేది పెద్దవాళ్లు. నా నోటితో డాక్టరుగారికి పనిబడింది నాలుక చూడటానికి మాత్రమే.

నెల తిరగ్గానే వెళ్లేవాళ్లం.

"ఎట్టుందమ్మా మనవరాలికి?"

"చాలా నయం డాక్టర్ గారూ. మీ హస్తవాసి."

"చలి తగ్గిందా?"

"ఓ, ఎప్పుడో."

నేను గోడమీద వేలాడుతున్న కేలండరు వంక చూస్తూ, శాలువా ఇంకాస్త దగ్గరికి లాక్కునేదాన్ని. ఆయన తృప్తిగా తలూపి, "అయితే అదే అరమాత్ర సాగనియ్యండి" అనేవారు. బయటికి రాగానే అవ్వ నా చెయ్యి పట్టుకుని, "పాపం, ఎంత సంబరపడినాడో చూసినావా!" అనేది. నిజంగానే మంచిపని చేసి వస్తున్న మనిషిలా నడిచేది.

నాకూ అది బాగానే ఉండేది, పుస్తకాలు చెయ్యి జారనంతవరకు.

రెండో ఏట ఒకరోజు ఒక నవల సగంలో ఉన్నాను. జమీందారు మేనల్లుడు అని ఒకడు వచ్చాడు. వాడెవడో గుర్తురాలేదు. నాలుగు పేజీలు వెనక్కి తిప్పాను. అక్కడ చదివింది ముందుకొచ్చేసరికి జారిపోయింది. మళ్లీ తిప్పాను. అట్లా ఆ సాయంత్రమంతా ఒకే పేజీ దగ్గర తిరిగాను. అక్షరాలు తెలుస్తూనే ఉన్నాయి, లోపలికి రావడంలేదు. తలుపు దగ్గర నిలబడ్డ చుట్టాల్లాగా లోపలికి రమ్మన్నా కదలవు. మర్నాడూ అంతే. గొంతు కూడా బొంగురుపోయింది. నాకు నేను ఒక వాక్యం పైకి చదువుకుంటే, ఎవరో మగవాడు దగ్గినట్టుంది. డైరీలో అంతకుముందు పేజీలు నింపేదాన్ని. ఇప్పుడు ఒక్క మాట రాసి కళ్లు మూసుకునేదాన్ని. నెల్లూరు జిల్లాలో, నడి మే నెలలో, రోజూ ఒకటే మాట: చలి.

అప్పుడు భయమేసింది. ఒంటిని చూసి కాదు. చదవడం పోతే నేనంటూ ఏం మిగులుతుంది? వసారా ఉంటుంది, దుప్పటి ఉంటుంది, వాటిలో ఎవరూ ఉండరు.

నాయనకి చెప్పాను. నాయన దగ్గర నాకు కొంచెం మాట వచ్చేది. ఆయన దారం ఉండ చుడుతున్నవాడు ఆగి, "నయంగా ఉండావని గదా అవ్వ చెప్తా ఉండాది?" అన్నాడు.

"అది డాక్టర్ గారికి చెప్పేది."

నాయనకి వెంటనే అర్థమైంది. ఆయనా ఆ తల్లి కొడుకే.

ఆ వారమంతా మా ఇంట్లో నా మెడ గురించే మాటలు. అవ్వ తన ఉపాయం చెప్పింది. "మాత్ర చేసేది మేక మెడలోదాంతోనే గదా? ఆ పిసరంత మాత్ర దేనికి? కసాయతనికి చెప్పి మెడకాయే తెప్పిస్తా. వారం వారం పులుసు పెడతా." ఒక ఆదివారం పెట్టింది కూడా. మిరియాలు దండిగా వేసిన ఆ పులుసు రుచి ఇప్పటికీ మర్చిపోలేదు. జబ్బు కదల్లేదు గాని నాయన మూడుసార్లు వడ్డించుకున్నాడు.

"మద్రాసు పోదాం. పెద్ద డాక్టరుకి చూపిద్దాం" అన్నాడు నాయన, చెయ్యి కడుక్కుంటూ.

"మరి ఈయనకి తెలిస్తే?" అంది అవ్వ.

"తెలియనిస్తామా ఏంది. పెళ్లికి పోతా ఉండామని చెబుదాం."

మా డాక్టరుగారి దగ్గరికే వెళ్లి, ఉన్నది ఉన్నట్టు చెబుదామని వాళ్లిద్దరికీ తట్టలేదు. నాకు తట్టింది. నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

అట్లా ఒక ఉదయం ముగ్గురం స్టేషనుకి వచ్చాం. పెళ్లికి వెళ్లేవాళ్లలా కనిపించాలని అవ్వ పట్టుచీర కట్టింది, నా తలలో కనకాంబరాలు పెట్టింది. ఇత్తడి డబ్బా నిండా పులిహోర, అరటాకులు. నేను ఎండలో శాలువా కప్పుకుని, శాలువా కింద సగంలో ఆగిపోయిన ఆ నవలని పట్టుకుని బల్లమీద కూర్చున్నాను. మద్రాసు నుంచి వచ్చే బండీ, మద్రాసు వెళ్లే బండీ కొంచెం అటూ ఇటూగా వచ్చే వేళ. ప్లాట్‌ఫారం మీద ఎండుచేపల గంపలు, వాటి చుట్టూ కాకులు, వాటిని అదిలించే ఆడవాళ్లు.

అంతలో నాయన, "అయ్యో" అన్నాడు మెల్లిగా.

గొడుగు ఊపుకుంటూ మా డాక్టరుగారు వస్తున్నారు. మద్రాసు నుంచి రావలసిన మందుల పార్సిలు కోసం వచ్చారట.

"ఏందమ్మా, అందరూ బయల్దేరినారు?"

"పెళ్లి డాక్టర్ గారూ. మా చెల్లెలి మనవడిది" అంది అవ్వ. నాకు తెలిసి ఆ చెల్లెలికి ఉన్నది ఇద్దరు మనవరాళ్లు.

ఆయన నా వంక చూశారు. ఆ ఎండలో శాలువా వంక చూశారు. "ఎట్టుండావు పాపా?"

"చాలా నయం డాక్టర్ గారూ," అవ్వ అందుకుంది, "మీ హస్త..."

"నయం లేదు."

ఎవరన్నారా అని నేనూ తల తిప్పాను. నేనే. అరిగిపోయిన ఆ బొంగురు గొంతు నాదే. గంపల దగ్గర ఆడవాళ్లు కూడా ఇటు చూశారు.

"ఏమన్నావు?" అన్నారు డాక్టరుగారు.

"నయం లేదు. చలి పోలేదు. చదివింది గుర్తుండటంలేదు."

"ఎప్పట్నించి?"

"మొదట్నించీ."

ఆయన గొడుగు మూసి బల్లకి ఆనించారు. ముఖం ఎర్రబడింది. అవ్వ చీరచెంగు నోట్లో కుక్కుకుంది. కోపంతో కేకలేస్తారనుకున్నాను.

"ఏమమ్మా," అన్నారు అవ్వతో, "ఊళ్లో నా అంతటి వైద్యుడు లేడని ఇన్నాళ్లూ మా ఆవిడ దగ్గర గొప్పలు చెప్పుకుంటా ఉండానే! అరమాత్రతో ఆడపిల్లని బాగుచేసినానని! నన్నిట్టా పిచ్చివాడ్ని చేస్తావా?"

"మీరు నొచ్చుకుంటారని..."

"నేను నొచ్చుకుంటే నాకు నేనే మందేసుకుంటా. పాపా, లే. ఆ బల్ల మీద మోకాళ్లేసి అటు తిరుగు."

ప్లాట్‌ఫారం మీద, అంతమంది ఎదుట, కనకాంబరాలు పెట్టుకుని, బల్లమీద మోకాళ్లపై నిలబడ్డాను. సుత్తి లేదు. ఆయన చుట్టూ చూసి, నా శాలువా కింద నుంచి జారుతున్న పుస్తకం లాక్కుని, దాని అంచుతో మడమ పైన కొట్టారు. పాదం ఎగిరింది. దిగింది, నెమ్మదిగా.

"ఇది దిగేలోపల మద్రాసు బండి పోయి తిరిగొస్తుంది" అన్నారు. గంపల ఆడవాళ్లు నవ్వారు. విచిత్రం, నాకూ నవ్వొచ్చింది.

అవ్వ మాత్రం పుస్తకం అట్టవంకే చూస్తోంది. అట్టమీద ఒక టోపీ మనిషి పిస్తోలు పట్టుకుని ఉన్నాడు.

"ఇదేం పురాణం మే?" అంది నా వైపు తిరిగి.

ఆ ప్రశ్నకి జవాబు చెప్పే పని తప్పిస్తూ రైలు కూత వినబడింది.

డాక్టరుగారు నాయన వైపు తిరిగి నెమ్మదిగా చెప్పారు. "పెళ్లి సంగతి నాకు అర్థమైందిలే. పోవడం తప్పు కాదు. అక్కడ పెద్దాస్పత్రిలో ఒక యంత్రం ఉంది. పరగడుపున పడుకోబెట్టి, గొట్టంలో ఊపిరి పీల్పించి, ఒంట్లో మంట ఎంతుందో కొలుస్తారు. నా దగ్గర అది లేదు. నా దగ్గరుండేది ఆ మడమ, ఈ పిల్ల చెప్పే మాట. ఆ రెండిటిని బట్టి మాత్ర కొంచెం కొంచెంగా పెంచుతా. మీరు పోతామంటే చీటీ రాసిస్తా, నాకేం కోపం లేదు."

బండి వచ్చి ఆగింది. గంపలు ఎక్కుతున్నాయి. నాయన డబ్బా చేతిలో పట్టుకుని నా వంక చూశాడు. "నువ్వు చెప్పు మే. పోదామా, ఉందామా?"

అంతవరకు నన్ను ఏ చీర కావాలని కూడా ఎవరూ అడగలేదు. బండి ఎంతోసేపు ఆగదు. నాకు కనబడింది ఇది: మద్రాసులో ఎంత పెద్ద డాక్టరైనా, ఆయన ఎదుట అవ్వ కూర్చుంటుంది. యంత్రం ఒకసారి కొలుస్తుంది. ఆ తర్వాత ప్రతిసారీ "ఎట్టుందమ్మా?" అని అడగాల్సిందే. అవ్వ "చాలా నయం" అంటుంది. నేను అక్కడి గోడమీద కేలండరు చూస్తాను. ఇక్కడైతే, కష్టమైన మాట ఇప్పటికే అనేశాను. దాన్ని ఇంకోచోట మళ్లీ మొదట్నించీ అనే ధైర్యం నాకుందో లేదో తెలియదు.

"ఉందాం నాయనా. మాత్ర పెంచనీ. అప్పుడూ తగ్గకపోతే మద్రాసు పోదాం."

"అంతేనా?"

"ఇంకోటి. డాక్టర్ గారితో నేనే మాట్లాడతా."

"అయితే నేనెందుకు రావడం?" అంది అవ్వ రోషంగా.

"తోడుకి," అన్నారు డాక్టరుగారు. "నోరు మూసుకుని."

బండి మమ్మల్ని వదిలేసి వెళ్లిపోయింది. పులిహోర మిగిలింది. బల్లమీదే అరటాకులు పరిచి నలుగురం తిన్నాం. డాక్టరుగారు వేళ్లు నాకుతూ, "పులుపు కొంచెం తక్కువైంది" అన్నారు అవ్వతో. అవ్వ కొయ్యబారిపోయింది. జీవితంలో ఎవరూ ఆమెతో ఆ మాట అని ఉండరు. "చూడమ్మా, చెప్తే ఏమైంది? ఈసారి ఇంకాస్త వేస్తావు. మాత్ర కూడా అంతే" అన్నారాయన. అవ్వ తన ఆకులోని పులిహోర ఇంకో ముద్ద నోట్లో వేసుకుని రుచి చూసుకుంది.

ఆ తర్వాత వెళ్లిన ప్రతిసారీ ఆయన ఎదుటి కుర్చీలో నేనే కూర్చున్నాను. మొదట్లో చెప్పాల్సిన మాటలు దారి పొడవునా లోపల వల్లె వేసుకునేదాన్ని. అవ్వ పక్కన స్టూలు మీద కూర్చుని, చెంగు పళ్ల మధ్య పెట్టుకుని, నేను "ఇంకా నిద్ర ముంచుకొస్తోంది" అన్నప్పుడల్లా ఆయన తరఫున బాధపడుతూ నిట్టూర్చేది. అరమాత్ర ఒకటైంది. ఒకటి ఒకటిన్నరైంది. ఒకసారి గుండె దడదడలాడి, చేతులు వణికితే అదీ చెప్పాను. కొంచెం తగ్గించారు. "ఎక్కువైందని చెప్పే రోగిని నా సర్వీసులో నిన్నే చూస్తా ఉండా" అన్నారు. ఆ మాట పట్టుకుని ఇంటికి పరుగెత్తాను. పరుగెత్తగలిగానని గుమ్మం దగ్గరికి వచ్చాక తెలిసింది.

మాకు పెద్ద పండగ మాత్రం మరుసటి వేసవిలో వచ్చింది. పెరట్లో మిరపకాయలు ఆరబోస్తున్నాను. అవ్వ నా ముఖం వంక చూసి, దగ్గరికొచ్చి, నుదుటిమీద వేలు పెట్టి, ఆ వేలు వెలుతురులో ఎత్తి చూసింది.

"చెమట!" అని కేక పెట్టింది. "ఒరే అబ్బయ్యా, పిల్లకి చెమట పట్టిందిరోయ్!"

నాయన కొట్టుకి బయల్దేరుతున్నవాడు చెప్పులతోనే పెరట్లోకి వచ్చాడు. పక్కింటి టీచరమ్మ గోడమీంచి తొంగిచూసింది. ఊళ్లో ప్రతి మనిషీ చెమటతో విసుక్కుంటున్న ఆ మధ్యాహ్నం మా అవ్వ బెల్లం పానకం కలిపి వీధిలో పంచింది. దేనికని అడిగినవాళ్లకి చెబితే, ఎండదెబ్బ అవ్వకే తగిలిందనుకున్నారు. శాలువాని నేనే ఉతికి, మడిచి, ట్రంకుపెట్టె అడుగున పెట్టాను.

జమీందారు మేనల్లుడు కూడా తిరిగొచ్చాడు. ఎవడో తెలిసింది, చేసిందేమిటో తెలిసింది, పుస్తకం పూర్తయింది. చివరి పేజీ మూసి, అంతా మళ్లీ మొదట్నించి మనసులో చెప్పుకుని చూశాను. ఒక్క ముక్కా జారలేదు. డైరీలో ఆ రోజు ఎన్ని పేజీలు రాశానో!

"ఆ పిస్తోలువాడు ఏమైనాడు మే?" అంది అవ్వ ఒక సాయంత్రం, చేపలు తోముతూ, మాటవరసకి అడిగినట్టు.

స్టేషను నుంచి ఆ ప్రశ్న ఆమెని తొలుస్తూనే ఉందన్నమాట. పైకి చదివి వినిపించడం మొదలుపెట్టాను. గొంతు ఇంకా గరగరలాడుతుండేది. మొదటి నవల అంతా బొంగురు గొంతుతోనే నడిచింది. దొంగల మాటలకి బాగా నప్పిందంది అవ్వ. రెండోది సగమయ్యేసరికి గొంతు విడింది. మూడోదానికి వాకిట్లో ఇంకో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు చేరారు. మనుషుల ఎదుట నోరు తెరవలేని నేను లాంతరు దగ్గర కూర్చుని పోలీసుగా, దొంగగా, జమీందారుగా మాట్లాడేదాన్ని. అవ్వ మధ్యలో అడ్డంపడేది. "వంటవాడే. చూడండి, వాడే చేసుంటాడు. నవ్వే వంటవాడ్ని నమ్మకూడదు." చాలాసార్లు ఆమె చెప్పినవాడే దొంగయ్యేవాడు. తప్పయితే రాసినవాడిదే తప్పనేది.

పోయిన వానాకాలం అవ్వకి రొమ్ము పడిశం పట్టింది. దగ్గు లోపలికి దిగింది. డాక్టరుగారు ఇంటికే వచ్చారు. గొడుగు నీళ్లు కారుతుంటే గుమ్మం దగ్గర పెట్టి, మంచం పక్కన కూర్చుని, వీపుమీద గొట్టం పెట్టి విని, "ఎట్టుందమ్మా?" అన్నారు.

"చాలా నయం డాక్టర్ గారూ" అంది అవ్వ, ఆయాసపడుతూ. "మీ హస్తవాసి."

ఆయన నా వంక చూశారు. "లేదు డాక్టర్ గారూ. రెండు రోజులనుంచి అన్నం ముట్టలేదు. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడటంలేదు" అన్నాను. ఆయన తలూపి, సూదిమందు వేసి, వసారాలో నాయనతో మాట్లాడటానికి వెళ్లారు.

అవ్వ నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. కళ్లలో నవ్వుంది.

"బాగలేదు మే, అసలు బాగలేదు. ఆయన నొచ్చుకోకుండా నువ్వే చెప్తావని తెలుసు. సరే, ఆ పుస్తకం తియ్యి. గొంతెత్తి చదువు, దొంగెవడో తేలిపోనీ."